అప్‌డేట్: బోర్డ్ మీద ఎక్స్‌వీ6 బూట్ అయిందండీ!

పోయిన వారం అడిగా కదా, ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6, క్యూఎములో (కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరించే ప్రోగ్రామ్) బాగానే నడుస్తోంది, నిజమైన రిస్క్-ఫైవ్ (ఒక రకం ప్రాసెసర్) బోర్డ్ మీద మాత్రం "కెర్నల్ ఈజ్ బూటింగ్" అని ఒక్క లైన్ వచ్చి, పేజింగ్ (ప్రోగ్రామ్ వాడే అడ్రస్‌లని అసలు మెమరీ అడ్రస్‌లకి మార్చే పద్ధతి) ఆన్ అవ్వగానే ఆగిపోతోందని. కారణం దొరికింది. ఆ అడ్రస్‌ల పట్టిక, అంటే పేజ్ టేబుల్, ఎంట్రీలో బిట్ 6 యాక్సెస్డ్ (పేజీని వాడారని), బిట్ 7 డర్టీ (పేజీలో రాశారని), ఈ రెండూ క్యూఎము తనే సెట్ చేసేసుకుంటుంది, నా బోర్డ్‌లోని ప్రాసెసర్ చెయ్యదు, అవి సెట్ అయి లేకపోతే నేరుగా పేజ్ ఫాల్ట్ (ఎర్రర్) ఇస్తుంది, స్పెసిఫికేషన్‌లో రెండు పద్ధతులకీ అనుమతి ఉంది. పైగా అప్పటికి ఇలాంటి ఫాల్ట్‌లని పట్టుకునే కోడ్, ట్రాప్ హ్యాండ్లర్, ఇంకా సెట్ కాదు కాబట్టి ఎర్రర్ కూడా కనపడదు. పేజ్ టేబుల్ ఎంట్రీలు రాసే మ్యాప్‌పేజెస్ ఫంక్షన్‌లో వ్యాలిడ్ బిట్ (ఎంట్రీ చెల్లుతుందని చెప్పేది) పక్కనే ఆ రెండూ కలిపా, అంతే, రాత్రి రెండింటికి కమాండ్ కోసం ఎదురుచూసే డాలర్ ప్రాంప్ట్ వచ్చింది, ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొట్టి చూసుకుంటూ కూర్చున్నా. పేజ్ టేబుల్ బిట్లు చూడమన్న అన్నకి చాలా థ్యాంక్స్. ప్రస్తుతానికి డిస్క్ బదులు ర్యామ్‌డిస్కే (మెమరీలో కొంత భాగాన్నే డిస్క్‌లా వాడటం), ఎస్‌డీ కార్డ్ డ్రైవర్ ఇవాళ మొదలెడుతున్నా.