సపోర్ట్ నుంచి క్లౌడ్‌కి మారాలి: ఏడబ్ల్యూఎస్, అజూర్, జీసీపీలో దేంతో మొదలుపెట్టాలి?

అనంతపురం నుంచి మారతహళ్ళి:

అందరికీ నమస్తే. మూడేళ్ళుగా బెంగళూరులో ప్రొడక్షన్ సపోర్ట్ చేస్తున్నా, నెలలో సగం రోజులు నైట్ షిఫ్టే. టికెట్ వస్తే లాగ్స్ చూడటం, సర్వీస్ రీస్టార్ట్ చేయడం, కుదరకపోతే పై టీమ్‌కి పంపడం, ఇంతే పని. ఇక్కడే ఆగిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది, అందుకే కంపెనీలకి సర్వర్లు ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే క్లౌడ్ వైపు వెళ్ళాలనుంది. పీజీలో రూమ్మేట్ అమెజాన్ వాళ్ళ ఏడబ్ల్యూఎస్ అంటాడు, టీమ్ లీడ్ మైక్రోసాఫ్ట్ వాళ్ళ అజూర్ అంటారు, కాలేజీ ఫ్రెండ్ ఒకడు గూగుల్ వాళ్ళ జీసీపీ చాలా సులువు అంటాడు. దగ్గర్లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 35 వేలకి మూడూ కలిపి మూడు నెలల్లో నేర్పిస్తామన్నారు. నా లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్. కార్డు ఇస్తే తెలియకుండా బిల్లు పడుతుందేమోనని భయం కూడా ఉంది. ఒక్కడినే కూర్చుని చేసుకోవడానికి ఏది వీలుగా ఉంటుంది? ఒకటి నేర్చుకుంటే మిగతావాటికి ఎంతవరకు పనికొస్తుంది? సర్టిఫికెట్ ఒక్కటే కాదు, ఇంటర్వ్యూలో నిలబడగలగాలి.

వైట్‌ఫీల్డ్ డెవాప్స్:

తమ్ముడూ, ముందు ఆ 35 వేలు కట్టకు. మూడు నెలల్లో మూడు క్లౌడ్‌లంటే మూడింటిలో మెనూలు ఎక్కడున్నాయో తెలుస్తుంది తప్ప పని రాదు.

నేను తొమ్మిదేళ్ళుగా ఏడబ్ల్యూఎస్ మీదే ఉన్నా. ఫైళ్ళు దాచే ఎస్3, మెషీన్లు అద్దెకిచ్చే ఈసీ2 రెండూ 2006లోనే వచ్చాయి, అందుకే చాలా కంపెనీల్లో మాటలు కూడా ఆ పేర్లతోనే నడుస్తాయి. కానీ వీటన్నిటినీ నడిపే వెబ్ పేజీ, అదే కన్సోల్, కొత్తవాళ్ళకి సులువని చెప్పను. ముంబై రీజియన్ (డేటా సెంటర్లు ఉన్న ప్రాంతం) తెరిచి చూస్తుంటే వర్జీనియాలో నడుస్తున్న మెషీన్ ఆ పేజీలో కనపడదు, ఖాళీగా ఉందనుకుని వదిలేస్తారు. పర్మిషన్లయితే మొదటి నెలంతా యాక్సెస్ డినైడే వస్తుంది. ఆ ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ అడ్మిన్ హక్కులు ఇచ్చేసి ముందుకు వెళ్ళకుండా, ఏ పాలసీలో (ఎవరు ఏం చేయొచ్చో రాసిన రూల్స్) ఏ లైన్ లేదో వెతికి నువ్వే రాస్తే అసలు చదువు అక్కడ వస్తుంది.

నేను ఇంటర్వ్యూలు తీసుకుంటాను కాబట్టి చెబుతున్నా. నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: ప్రైవేట్ సబ్‌నెట్‌లో (ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరలేని నెట్‌వర్క్ ముక్క) ఉన్న మెషీన్‌కి అప్‌డేట్లు ఎలా వస్తాయి, రాకపోతే ఎక్కడెక్కడ చూస్తావు? చాలామంది అలాంటి మెషీన్‌కి బయటికి దారి ఇచ్చే నాట్ గేట్‌వే పేరు చెప్పేసి ఆగిపోతారు. ట్రాఫిక్ ఎటు వెళ్ళాలో చెప్పే రూట్ టేబుల్ ఏ సబ్‌నెట్‌కి తగిలించారు, సెక్యూరిటీ గ్రూప్‌లో (మెషీన్‌కి ఫైర్‌వాల్ లాంటిది) బయటికి దారి ఉందా, పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ పలుకుతోందా అని వరుసగా వెళ్ళేవాడు పదిమందిలో ఒకడో ఇద్దరో. ఇలా వరుసగా వెతకడం సపోర్ట్‌లో నువ్వు రోజూ చేస్తున్న పనే, అది నీకు పెద్ద బలం. ఒక పబ్లిక్, ఒక ప్రైవేట్ సబ్‌నెట్ కట్టు, పగలగొట్టు, మళ్ళీ కట్టు.

బీటీఎం డేటా ఇంజనీర్:

వీలు గురించి అడిగారు కాబట్టి జీసీపీ తరఫున నా మాట. బ్రౌజర్‌లో క్లౌడ్ షెల్ తెరిస్తే లినక్స్ మెషీన్ సిద్ధంగా ఉంటుంది, 5 జీబీ హోమ్ డైరెక్టరీ, వారానికి 50 గంటలు ఉచితం, కాబట్టి మీ 8 జీబీ లాప్‌టాప్ గురించి దిగులు వద్దు (మిగతా రెండింటిలో కూడా ఇలాంటి షెల్ ఉంది). నాకు బాగా నచ్చింది ప్రాజెక్ట్ పద్ధతి. ప్రాక్టీస్‌కి ఒక ప్రాజెక్ట్ తెరిచి, అయిపోయాక దాన్నే మూసేస్తే లోపలివన్నీ పోతాయి, మనసు మారితే 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. మొదట ఇచ్చే 300 డాలర్ల క్రెడిట్ 90 రోజులు ఉంటుంది, మీరుగా పూర్తి అకౌంట్‌కి మారితే తప్ప ఆ తర్వాత డబ్బు తీసుకోరు. ఒక్క మాట, ఇక్కడ వీపీసీ (క్లౌడ్‌లో మన సొంత ప్రైవేట్ నెట్‌వర్క్) ప్రపంచమంతటికీ ఒకటే, ఏడబ్ల్యూఎస్‌లో రీజియన్‌కి ఒకటి. ఒకచోట నేర్చుకుని ఇంకోచోటికి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే తికమకపడతారు.

చెన్నై ఓఎంఆర్:

బాబూ, అక్కలాంటిదాన్ని, ఒక మాట చెప్పనా? ఏది గొప్ప అన్నది పక్కన పెట్టి, మీ ఆఫీసు కస్టమర్ దేనిమీద ఉన్నారో ముందు చూడు. నేను విండోస్ అడ్మిన్‌గా ఉండేదాన్ని, ఆఫీసు యూజర్లు, లాగిన్‌లు చూసే యాక్టివ్ డైరెక్టరీ తెలుసు కాబట్టి అజూర్ నాకు తొందరగా పట్టుబడింది. మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పాఠాలు ఉచితం. ఏజెడ్-104 (అజూర్ అడ్మిన్ పరీక్ష) లాంటి సర్టిఫికెట్ ఏడాదే ఉన్నా, గడువు అయిపోకముందే ఇంటినుంచే ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు, ఏడబ్ల్యూఎస్‌ది మూడేళ్ళు ఉంటుంది. చిరాకు పెట్టేది పేర్లు మార్చడం. అజూర్‌లో లాగిన్‌లు చూసే అజూర్ ఏడీని 2023లో ఎంట్రా ఐడీ అన్నారు, పాత వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళు వెతుక్కోవాల్సి వస్తుంది.

బిల్లు భయం మాత్రం నిజమే. నేర్చుకునే రోజుల్లో ఒక క్లౌడ్‌లో మెషీన్లన్నీ తీసేసి నాట్ గేట్‌వే మర్చిపోయా. దాంట్లోంచి డేటా వెళ్ళినా వెళ్ళకపోయినా గంటకింత అని పడుతూనే ఉంటుంది, నెల తిరిగేసరికి మూడు వేల పైచిలుకు. బడ్జెట్ అలర్ట్ పెట్టుకున్నా అది మెయిల్ పంపుతుందంతే, దేన్నీ ఆపదు. అజూర్ ఉచిత అకౌంట్‌లో స్పెండింగ్ లిమిట్ (ఉచిత క్రెడిట్ అయిపోతే ఆపేసే హద్దు) ముందే ఆన్‌లో ఉంటుంది, దాన్ని తీసేయకు. చేసే ప్రతిదీ ఒకే రిసోర్స్ గ్రూప్‌లో (ఫోల్డర్ లాంటిది) పెట్టి, పడుకునే ముందు ఆ గ్రూప్ డిలీట్ చెయ్యి.

అనంతపురం నుంచి మారతహళ్ళి:

అక్కా, ఈరోజు లీడ్‌ని అడిగాను. కస్టమర్‌వి అన్నీ విండోస్ సర్వర్లే, వచ్చే ఏడాదికల్లా అజూర్‌కి మారుస్తారట, మైగ్రేషన్ టీమ్‌లోకి మనుషులు కావాలట. అజూర్‌తోనే మొదలుపెడతాను. అన్నా, మీరు చెప్పిన సబ్‌నెట్ల పని అక్కడ కూడా చేయొచ్చా?

వైట్‌ఫీల్డ్ డెవాప్స్:

తప్పకుండా. వీపీసీ అన్నచోట వీనెట్ అనుకో, సెక్యూరిటీ గ్రూప్ అన్నచోట ఎన్ఎస్‌జీ. తేడా ఏంటంటే ఎన్ఎస్‌జీలో అడ్డుకునే రూల్ కూడా రాయొచ్చు, ప్రయారిటీ నంబరు చిన్నగా ఉన్న రూలే ముందు చూస్తుంది, మా ఏడబ్ల్యూఎస్ సెక్యూరిటీ గ్రూప్‌లో అనుమతించే రూల్స్ మాత్రమే ఉంటాయి. శనివారం మొదలుపెట్టు. ఎక్కడైనా ఆగితే ఎర్రర్ మెసేజ్ మొత్తం ఇక్కడ పెట్టు, చూస్తాను.