సమాచార రూపకల్పన చదువులో మొదటి స్థానం సాఫ్ట్‌వేర్‌కా, మూలసూత్రాలకా?

ప్రశ్న (మారతహళ్ళి సభ్యురాలు):
నేను బెంగళూరులో డేటా విశ్లేషణ ఉద్యోగం చేస్తున్నాను. అది మానేసి ఇన్ఫర్మేషన్ డిజైన్‌లో, అంటే సమాచారాన్ని చార్టులు, పటాలుగా సులువుగా అర్థమయ్యేలా మలిచే సమాచార రూపకల్పనలో, పీజీ చేయాలని ఉంది. ఇక్కడి ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ప్రాంగణంలోనూ ఆ కోర్సు ఉంది. అయితే అడిగిన వెంటనే చార్టు గీసి ఇచ్చే ఏఐ వచ్చిన ఈ కాలంలో, ఆ చదువు దేనికి పెద్దపీట వేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

వైట్‌ఫీల్డ్ సభ్యుడు:
సాఫ్ట్‌వేర్‌కేనండీ. ఉద్యోగ ప్రకటనల్లో ఫిగ్మా (డిజైన్ సాధనం), టాబ్లో, పవర్ బీఐ (డేటాను చార్టులుగా చూపే సాధనాలు) అని స్పష్టంగా రాస్తున్నారు. సిద్ధాంతం పుస్తకాల్లో దొరుకుతుంది, కానీ లక్షల వరుసల డేటాతో పనిచేయడం పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ భాష రాకుండా కష్టం.

జయనగర్ సభ్యురాలు (అధ్యాపకురాలు):
ఆ అవసరాన్ని నేను కాదనను గానీ, ఆ క్రమాన్ని ఒప్పుకోలేను. ఒకప్పుడు వార్తా వెబ్‌సైట్లలో కదిలే చిత్రపటాలు చాలావరకు ఫ్లాష్ అనే అడోబీ సంస్థ సాఫ్ట్‌వేర్‌లో తయారయ్యేవి. 2020 డిసెంబరు 31తో ఆ సంస్థ దానికి స్వస్తి చెప్పాక అవి బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి. విలియం ప్లేఫెయిర్ 1786లో అచ్చువేసిన బార్ చార్టును (విలువలను పట్టీల పొడవుతో చూపే పటాన్ని) మాత్రం నేటికీ ఎవరి సాయమూ లేకుండా చదువుతున్నాం. దానికి కారణం అలవాటు ఒక్కటే కాదు. ఒకే కొలమానం మీద ఉన్న స్థానాలను పోల్చినంత కచ్చితంగా మన కన్ను కోణాలనూ వైశాల్యాలనూ పోల్చలేదని క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1984లో ప్రయోగపూర్వకంగా చూపించారు. వృత్తాన్ని ముక్కలుగా కోసి, ముక్కల కోణాలతో విలువలను చూపే ‘పై’ (pie) చార్టును ఏఐ ఎనిమిది ముక్కలతో గీసి ఇచ్చినప్పుడు అది ఎందుకు పనికిరాదో చెప్పగలగడానికి కావలసింది ఈ జ్ఞానమే. అలాగే బార్లు సున్నా నుంచి కాక 80 నుంచి మొదలైతే, 90 పక్కన 100 రెట్టింపు ఎత్తున నిలబడుతుంది. సాఫ్ట్‌వేర్ దానిని తప్పుగా ఎంచదు, తప్పని పట్టుకోవలసింది మనమే.

తెలుగులో పనిచేసేవారికి ఇది మరింత అవసరమని నా గట్టి నమ్మకం. ‘రాష్ట్రం’ అన్నప్పుడు షకారం కింద రెండు వత్తులు చేరతాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎడమే వరుసల మధ్య ఉంచితే అవి కింది వరుసలోని అక్షరాల తలమీది గుడి గుర్తులకు తగులుతాయి. పటాల మీద ఊళ్ళ పేర్లు ఇరికించేటప్పుడు ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. పైగా మన ప్రచురణ రంగంలో ఎన్నో పాత ఫైళ్ళు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేత ప్రమాణం) కాని ‘అను’ అనే పేరున్న పాత ఫాంట్లలోనే ఉండిపోయాయి కనుక, వాటిని మార్చనిదే పేర్లను వెతకడం గానీ అకారాది క్రమంలో పేర్చడం గానీ కుదరదు. టాబ్లో తరగతిలో ఈ విషయాలు చెప్పేవారిని నేను చూడలేదు.

వైట్‌ఫీల్డ్ సభ్యుడు:
ఆ ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చేది కూడా ప్రోగ్రామే కదండీ. సూత్రం తెలిస్తే సాధనం దానంతట అదే వస్తుందనడం తేలిక. అలవాటైన సాఫ్ట్‌వేర్‌ను వదలలేక వెనకబడిన మంచి డిజైనర్లను నేను చూశాను. కొత్తది నేర్చుకోవడం కూడా ఒక నైపుణ్యమే, దానికీ అభ్యాసం కావాలి.

జయనగర్ సభ్యురాలు:
ఈ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అందుకే ఒకే పనిని మూడు విధాలుగా చేయించాలంటాను. బెంగళూరులోని సిల్క్ బోర్డు కూడలి దగ్గర ఆగే బస్సుల సమాచారాన్ని ముందుగా కాగితం మీద గీయాలి. అక్కడ నిలబడిన మనిషి మొదట వెతికేది బస్సు నంబరునా, గమ్యాన్నా, వేళనా అన్నది అప్పుడే తేలుతుంది. తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో, ఆపైన కోడ్‌తో చేయాలి. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ నిర్ణయం తనదో, ఏది సాఫ్ట్‌వేర్ తన తరఫున తీసుకుందో విద్యార్థికి తెలుస్తుంది, కొత్త సాధనానికి మారే అభ్యాసమూ అవుతుంది.

ప్రశ్న అడిగిన అమ్మాయికి ఒక సూచన. డేటా పని నీకు ఇప్పటికే వచ్చు కనుక నీకు లోటున్నది కాగితం దగ్గరే. ఏ కళాశాలకు వెళ్ళినా, విద్యార్థుల తుది చిత్రాలతో పాటు వారు గీసి వదిలేసిన నమూనాలను కూడా చూపించమని అడుగు.

వైట్‌ఫీల్డ్ సభ్యుడు:
దానితో పాటు కోడ్‌కు ఎన్ని వారాలు కేటాయించారో కూడా అడగండి. రెండు వారాల వర్క్‌షాప్‌తో సరిపెట్టే చోటైతే నా అభ్యంతరం అలాగే ఉంటుంది.