సీసా చిల్లుల ప్రయోగం: అడుగు ధార దూరం పోలేదెందుకు?

ప్రశ్న:
ఐదో తరగతి చదువుతున్న మా పాపకు నీటి పీడనం గురించి చెబుదామని, ఖాళీ ప్లాస్టిక్ సీసాకు దబ్బనం కాల్చి మూడు చిల్లులు పెట్టాను. అవి అడుగు నుంచి 5, 10, 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. నీటిమట్టం 20 సెంటీమీటర్ల దగ్గర నిలిచేలా పైనుంచి మగ్గుతో పోస్తూనే ఉన్నాము. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుంది కనుక అడుగు ధారే అన్నిటికంటే దూరం పడుతుందని ముందే గట్టిగా చెప్పేశాను. తీరా వరండా గచ్చు మీద పెట్టి చూస్తే మధ్య ధార ముందుకు పోయింది. పైదీ కిందదీ ఇంచుమించు ఒకే చోట పడ్డాయి. "పుస్తకంలో బొమ్మ తప్పా, మన సీసా తప్పా?" అని పాప అడుగుతోంది. ఏమని చెప్పాలి?

మొదటి సమాధానం:
అడుగు చిల్లు అంచున కరిగిన ప్లాస్టిక్ ముద్దకట్టి నీటికి అడ్డుపడుతూ ఉండవచ్చు. ఒకసారి శుభ్రం చేసి చూడండి.

రెండో సమాధానం:
చిల్లులో లోపమేమీ లేదండీ, మీ పాప చూసినదే సరైనది. నేను హైస్కూలులో భౌతికశాస్త్రం చెబుతాను. అడుగు ధార అన్నిటికంటే దూరం పోతున్నట్టు గీసే బొమ్మల్లో సీసాను నేల మీద పెట్టారా, ఎత్తున పెట్టారా అన్నది చెప్పకపోవడమే అసలు చిక్కు. ధార పడే దూరం రెండు విషయాలను బట్టి ఉంటుంది: నీరు ఎంత వేగంతో బయటికి వచ్చింది, నేలను తాకేలోగా ఎంతసేపు గాలిలో ఉంది. చిల్లుకు పైన ఉన్న నీటి లోతు వేగాన్ని నిర్ణయిస్తుందని ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి 1644లోనే ప్రకటించాడు. గాలిలో ఉండే సమయం మాత్రం గురుత్వాకర్షణ చేతిలో ఉంది, అంటే చిల్లు నేలకు ఎంత ఎత్తున ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. అడుగు చిల్లు నీరు ఎంత వేగంగా వచ్చినా 5 సెంటీమీటర్లు దిగేసరికే గచ్చు తగులుతుంది. పై చిల్లు నీటికి వ్యవధి ఉంది గానీ వేగం లేదు. లెక్క ప్రకారం మధ్య ధార 20, మిగిలిన రెండూ 17 సెంటీమీటర్ల పైచిలుకు దూరంలో పడాలి.

ఇప్పుడు అదే సీసాను 40 సెంటీమీటర్ల ఎత్తున్న స్టూలు అంచున పెట్టండి. అడుగు నుంచి పైకి వరుసగా 52, 45, 33 సెంటీమీటర్లు రావాలి. చిల్లు దగ్గర రాపిడి ఉంటుంది కనుక ప్రతిదీ కొంచెం తగ్గుతుంది. జవాబు మీరు చెప్పకుండా, ఏ ధార ఎక్కడ పడుతుందో పాప చేతనే ముందు సుద్దముక్కతో గీత గీయించండి.

మూడో సమాధానం:
పనిలో పనిగా ఇంకొకటి కూడా చేయించండి. రెండు చిల్లులకు టేపు అంటించి, అడుగుదాన్ని మాత్రం వదిలి, సీసా నిండా నీళ్లు పోసి, మూత పెట్టకుండా తలపైకి ఎత్తి వదిలేయండి. పడుతున్న ఆ అర సెకను పాటు ధార ఆగిపోతుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తేనే స్పష్టంగా కనబడుతుంది. ఇది పెరట్లో చేయాల్సిన పని, మా ఇంట్లో హాలులో చేసి చీవాట్లు తిన్నాము.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. స్టూలు మీద 48, 42, 30 వచ్చాయి. పాప గీసిన గీతల్లో పైదొక్కటే సరిపోయింది. సీసా వదిలిన వీడియోను మాత్రం పదిసార్లు వెనక్కి తిప్పి చూసి, "నీళ్లూ సీసా కలిసే పడుతున్నాయి కదా నాన్నా, ఇంక నీళ్లను బయటికి నెట్టేది ఎవరు?" అంది.