ఓహానాలో మా ఇంటి ఆనవాయితీ: శాకాహారి అయిన అమ్మతో ఈసారి ఎలా?

ప్రశ్న (షార్లెట్ నుంచి)

అందరికీ నమస్కారం. మా పెద్దవాడికి నాలుగేళ్లు ఉన్నప్పటి నుంచి, మధ్యలో 2020 ఒక్కటి తప్ప, ప్రతి డిసెంబరు సెలవుల్లోనూ ఓర్లాండో వెళ్లి, వాల్ట్ డిస్నీ వరల్డ్‌లోని పాలినేషియన్ విలేజ్ రిసార్ట్‌లో ఉన్న ఓహానా రెస్టారెంటులో ఒక రాత్రి భోజనం చేయడం మా ఇంటి ఆనవాయితీ. ఆ రిసార్ట్‌లో గది తీసుకునే స్తోమత మాకు లేదు కాబట్టి బయట ఎక్కడో బస చేసి, ఆ ఒక్క పూట కోసం మోనోరైలు ఎక్కి వెళ్తాము. హవాయి భాషలో ఓహానా అంటే కుటుంబమని మా పిల్లలు తెలుగు అక్షరాల కంటే ముందే నేర్చుకున్నారు. చివర్లో వచ్చే అరటిపండు, కారమెల్ సాస్ వేసిన బ్రెడ్ పుడ్డింగ్ కోసం ఇద్దరూ ఏటా తగవు పడతారు.

ఈ డిసెంబరుకు అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్నగారు కోడి మాంసం తింటారు గాని, గొడ్డు మాంసం పెట్టిన బల్ల దగ్గర కూర్చోరు. అక్కడ ఎవరు ఎంత తిన్నా మనిషికి ఇంతని ఒకటే ధర. మానేద్దామంటే పిల్లలు ఒప్పుకోవడం లేదు. పెద్దలను తీసుకువెళ్లినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు (టాంపా నుంచి)

మేము మా అత్తగారిని రెండుసార్లు తీసుకువెళ్లాము, ఆమె కూడా పూర్తి శాకాహారి. మీరు గమనించే ఉంటారు, పూర్వం మాంసాన్ని పొడవాటి చువ్వలకు గుచ్చి, వడ్డించేవారే బల్ల బల్లకూ తిరిగి కావలసినవారికి పెట్టేవారు. 2021లో తిరిగి తెరిచాక కోడి, గొడ్డు మాంసం, రొయ్యలు అన్నీ ఒకే పళ్లెంలో సర్ది బల్ల మధ్యలో పెడుతున్నారు. మీ నాన్నగారికి ఇబ్బంది కలిగేది అక్కడే. అందుకని కూర్చున్న వెంటనే, ఇంకా ఏదీ బల్ల మీదికి రాకముందే, గొడ్డు మాంసం మా బల్లకు వద్దని, ఒకరికి పూర్తి శాకాహారం కావాలని స్పష్టంగా చెప్పండి. మాకు ఏ అభ్యంతరమూ చెప్పకుండా అలాగే చేశారు, మా అత్తగారి భోజనం వేరే పళ్లెంలో వచ్చింది. బల్ల రిజర్వేషన్ అరవై రోజుల ముందు మొదలవుతుంది, ఆ సమయంలోనే ఈ విషయం నమోదు చేస్తే మరీ మంచిది. పాట్‌స్టికర్లు అనే ఉడికించిన కుడుముల్లో పంది మాంసం ఉంటుంది, చూడటానికి మన కజ్జికాయల్లా ఉంటాయి కాబట్టి అమ్మగారు పొరపాటున తీసుకునే ప్రమాదం ఉంది. నూడుల్స్ విషయం కూడా అడిగి తెలుసుకున్నాకే వడ్డించండి.

ఇంకొక మాట. అక్కడి సిబ్బంది వచ్చినవారిని ‘కజిన్’ అని వరస కలిపి పిలుస్తారు. మా అత్తగారికి భోజనం కంటే అదే ఎక్కువ నచ్చింది. ఎవరి తరఫు బంధువని ఆవిడ అడిగి మమ్మల్ని నవ్వించారు.

జవాబు (న్యూజెర్సీ నుంచి)

పై సలహా మంచిదే గాని, నాది కొంచెం వేరే అభిప్రాయం. పెద్దవారిద్దరికీ పూర్తి ధర చెల్లించి, ఒకరు అన్నం, కూరగాయలు మాత్రమే తినడం ఎందుకు? మీ పెద్దవాడికి పదేళ్లు దాటి ఉంటే వాడికీ పెద్దల ధరే పడుతుంది. లిలో, స్టిచ్, మిక్కీ, ప్లూటో అనే డిస్నీ కార్టూన్ పాత్రల వేషధారులు బల్ల దగ్గరకు వచ్చే ఉదయపు ఫలహారానికి వెళ్దామనుకుంటారేమో, అది అమ్మగారికి ఇంకా కష్టం. పెనంలో గుడ్లు, హామ్, సాసేజ్ కలిసి వస్తాయి, ఆవిడకు బంగాళదుంపలే మిగులుతాయి. మీరు, పిల్లలు ఓహానాలో తినండి, అమ్మానాన్నలను సాయంత్రం అదే రిసార్ట్‌లోని పైనాపిల్ లనాయ్ అనే చిరుతిళ్ల దుకాణం దగ్గరకు తీసుకువెళ్లి డోల్ విప్ అనే ఐస్‌క్రీమ్ లాంటి చల్లని తీపి ఇప్పించండి. ఆ అనాసపండు విప్‌లో పాలు కూడా ఉండవు. సెవెన్ సీస్ సరస్సు ఒడ్డున ఇసుకలో కూర్చుంటే, దగ్గరలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా చక్కగా కనిపిస్తుంది.

జవాబు (అట్లాంటా నుంచి)

తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి మనం లోపల తినడం నాకు మాత్రం నచ్చలేదు, క్షమించండి. ఆ రిసార్ట్ 1971 అక్టోబరు 1న మ్యాజిక్ కింగ్‌డమ్‌తో పాటే తెరిచినది, ఓహానా వచ్చింది 1995లో. ఇరవై ఏళ్లు వెళ్లిన మా ఆనవాయితీ అయితే ఓహానా కాదు, అక్కడి లూఆవు విందు, అంటే నృత్య ప్రదర్శనతో కూడిన భోజనం. అది 2020లో ఆగిపోయి మళ్లీ మొదలు కాలేదు. ఆ స్థలంలో కట్టిన ఐలండ్ టవర్ అనే కొత్త బస భవనం 2024 డిసెంబరులో తెరుచుకుంది. ఓహానాను తిరిగి తెరిచేటప్పుడు నూడుల్స్ తీసేస్తున్నామని ప్రకటించి, అభిమానులు గోల చేయడంతో మళ్లీ చేర్చారు. లూఆవు కోసం అంతటి గోల ఎవరూ చేయలేదు. ఉన్నది ఉన్నప్పుడే తల్లిదండ్రులకు చూపించండి. రాత్రి బాణసంచా వేళకు కొంచెం ముందుగా బల్ల తీసుకుని, కిటికీ పక్కన కూర్చోబెట్టమని అడగండి. దొరుకుతుందన్న హామీ లేదు గాని, దొరికితే సంగీతం కూడా లోపలే వినిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఇంటికి ఫోన్ చేసి అన్నీ చెప్పాను. గొడ్డు మాంసం బల్ల మీదికి రాదంటే నాన్నగారు సరేనన్నారు. రిజర్వేషన్ ఆరుగురికి చేస్తాను. బ్రెడ్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుందని చెప్పగానే అమ్మ, తన వాటా మనవలకేనని అప్పుడే ప్రకటించింది. దాంతో ఆ వాటా ఎవరిదని ఇద్దరూ ఇప్పటి నుంచే తగవు మొదలుపెట్టారు.