మందిరంలో ప్రతి మేకుకూ ఒక అర్థం ఉంటుందా?

ప్రశ్న (నరసాపురం దగ్గరి ఊరు నుంచి, సండేస్కూలు టీచరు)

అందరికీ వందనాలు. పెద్ద తరగతి పిల్లలకు ఈ నెల ప్రత్యక్షపు గుడారం (ఇశ్రాయేలీయులు ఎడారిలో మోసుకెళ్లిన ఆరాధన గుడారం), సొలొమోను మందిరం పాఠాలు చెబుతున్నాను. నా దగ్గరున్న పాత నోట్సులో గుడారపు మేకులకూ, తెర కొలుకులకూ, ఒక్కొక్క రంగుకూ ఒక్కొక్క ఆత్మీయార్థం రాసి ఉంది. అది చదువుతుంటే ఒక పిల్ల లేచి, "మేకుకు ఆ అర్థమని బైబిలులో ఎక్కడుందండీ?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. వాక్యమే సూచించే అర్థం ఎంతవరకు, మనం తగిలించేది ఎంత? మొదటి రాజుల గ్రంథం 6వ అధ్యాయంలో ముఖమంటపం, గర్భాలయం అనే మాటలు చూసి, అది మన ఊరి గుడిలాగే ఉండేదా అని కూడా అడుగుతున్నారు.

జవాబు (పాలకొల్లు)

సోదరిగారూ, మేకులను పక్కన పెట్టి, లోపలికి నడిచే మనిషి వెంట నడిచి చూడండి. ఆవరణలో బలిపీఠం, పన్నెండు ఎడ్ల బొమ్మలు మోసే పోత సముద్రం అనే పెద్ద నీళ్ల తొట్టి, ముఖమంటపం ముందు 18 మూరల చొప్పున నిలిచిన యాకీను, బోయజు స్తంభాలు, అన్నీ ఇత్తడివే. తలుపు దాటితే దేవదారు పలకల మీద బంగారం. 60 మూరల పొడవైన ఆ ఇంటిలో చివరి 20 మూరలు గర్భాలయం, అంటే అతిపరిశుద్ధ స్థలం; దాని వెడల్పూ ఎత్తూ కూడా 20 మూరలే. లోహం విలువ పెరిగేకొద్దీ లోపలికి వెళ్లగలిగేవారు తగ్గిపోతారు: ఆవరణలో ప్రజలు, పరిశుద్ధ స్థలంలో యాజకులు, అతిపరిశుద్ధ స్థలంలో ఏడాదికి ఒక్క దినం ప్రధానయాజకుడు ఒక్కడే. అర్థమంతా ఈ వరుసలోనే ఉందని నేననుకుంటాను. హెబ్రీ పత్రిక 9:8 కూడా వస్తువులను కాక, తెరచుకోని ఆ దారినే వ్యాఖ్యానిస్తుంది. అంతకు ముందు 5వ వచనంలో కెరూబుల (రెక్కలున్న పరలోక జీవుల) దాకా వచ్చి, వీటిని వివరంగా చెప్పడం ఇప్పుడు కుదరదని ఆ రచయితే ఆగిపోయాడు. మన నోట్సులు రాసినవారు మాత్రం ఆగలేదు.

గోడల మీద చెక్కినవి కెరూబులు, ఖర్జూరపు చెట్లు, విచ్చిన పువ్వులు. ఆదికాండం 3:24లో కెరూబులు ఏదెను తోటకు తూర్పున కాపలా నిలిచారు. గుడారానికి ద్వారం తూర్పునే. అంటే లోపలికి వెళ్లే యాజకుడు పడమటికి, కెరూబుల తెర వైపు నడుస్తున్నాడు. ఇది తోటకు తిరుగుదారి అని వాక్యం నోరు విప్పి చెప్పదు గాని, చిత్రాలు మాత్రం అటే చూపిస్తున్నాయి.

జవాబు (అమలాపురం)

ముఖమంటపం, గర్భాలయం అనే ఆ రెండు మాటలూ మన అనువాదకులు గుడి నుంచి అరువు తెచ్చుకున్నవి. హెబ్రీలో అవి ఊలాం, దెబీరు. అలాగని పోలిక ఒట్టి మాటల్లోనే లేదు: ఉత్తర సిరియాలోని ఐన్ దారాలో తవ్వి తీసిన పురాతన ఆలయానికి కూడా ముందు రెండు స్తంభాల మంటపం, లోపల హాలు, చివర గర్భగుడి ఉండేవి, దాని గడప రాళ్ల మీద, దేవత లోపలికి నడిచి వెళ్లినట్టుగా, పెద్ద పెద్ద పాదముద్రలు చెక్కారు. తేడా లోపలి గదిలో ఉంది. ద్రాక్షారామం గర్భగుడిలో భీమేశ్వర లింగం ఉంటుంది. సొలొమోను గర్భాలయంలో దేవుని రూపం లేదు; రెక్కలు చాచిన రెండు కెరూబుల కింద మందసం (నిబంధన పెట్టె), అందులో రెండు రాతి పలకలు మాత్రమే ఉన్నాయి (1 రాజులు 8:6-9). ఈ ఒక్క సంగతి పిల్లలకు మేకులన్నిటికంటే బాగా గుర్తుంటుంది.

జవాబు (అంతర్వేది వైపు నుంచి, రైతు)

లోపలికి నడిచే దారి గురించే చెప్పారు, బయటికి వచ్చేదాన్ని మరిచారు. యెహెజ్కేలు 47లో మందిరపు గడప కింద నుంచి నీరు పుట్టి తూర్పుకు పారుతుంది; వెయ్యి మూరలకు చీలమండ లోతు, ఇంకో వెయ్యికి మోకాళ్లు, ఇంకో వెయ్యికి మొల, ఆపైన దాటలేని నది. వేసవిలో కాలువలు కట్టేశాక పోటు నీరు పాయల్లోకి ఎగదన్ని మన నూతులు ఉప్పనవడం పిల్లలు చూసినదే. అక్కడ మాత్రం నదే సముద్రంలోకి వెళ్లి ఆ నీళ్లను మంచినీళ్లు చేస్తుంది, వలలు ఆరేస్తారు, చేపలు పుష్కలం. కాకపోతే 11వ వచనంలో బురద నేలలూ ఊబులూ ఉప్పుగానే మిగిలిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

వందనాలండీ. ఈ ఆదివారం మేకులు మానేసి, నేల మీద ముగ్గుపిండితో మూడు గదులు గీసి పిల్లలను తూర్పు నుంచి నడిపిస్తాను. ఆ ఊబికి అర్థమేమిటని ఆ పిల్ల ఎటూ అడుగుతుంది; రైతుగారు అప్పటికి కాస్త అందుబాటులో ఉండాలి.