ఫిన్లాండ్ గనుల యాజమాన్య లెక్కలో అమ్మకపు సంవత్సరాన్ని ఎవరి ఖాతాలో వేయాలి?

ఫిన్లాండ్ లోహ గనులు విదేశీ సంస్థల చేతుల్లోకి వెళ్లిన క్రమాన్ని 2000 నుంచి 2020 వరకు దేశాలవారీగా చూపే పట్టిక ఒకటి తయారు చేస్తున్నాను. కిట్టిలా బంగారు గనితో ఇబ్బంది లేదు. దాని యజమాని కెనడాకు చెందిన ఆగ్నికో ఈగిల్. చిక్కంతా చేతులు మారిన గనులతోనే. ప్యుహాసల్మి రాగి, జింకు గనిని ఫిన్లాండ్ సంస్థ ఔటోకుంపు 2002లో కెనడా సంస్థ ఇన్మెట్‌కు అమ్మింది. 2013లో ఇన్మెట్‌నే కెనడాకే చెందిన ఫస్ట్ క్వాంటమ్ కొనేసింది. కెవిట్సా నికెల్ గని 2016 జూన్‌లో ఫస్ట్ క్వాంటమ్ నుంచి స్వీడన్‌కు చెందిన బొలిడెన్‌కు వెళ్లింది.

మొదట గనుల పర్యవేక్షణ సంస్థ టుకేస్ వార్షిక గణాంకాలను ఆధారం చేసుకున్నాను గాని, వాటిలో కనిపించేది స్థానిక అనుబంధ సంస్థ పేరు. అసలు యజమాని మారినా ప్యుహాసల్మి పేరు అలాగే ఉండిపోయింది. తరువాత కంపెనీల వార్షిక నివేదికలతో సరిచూస్తే, కొన్నవారు తమ చేతికి వచ్చిన రోజు నుంచే ఉత్పత్తిని లెక్కిస్తున్నారు. నెలల నిష్పత్తిలో విడదీసి చూశాను, కాని నెలనెలా ఉత్పత్తి సమానంగా ఉండదు కనుక అది ఊహే అవుతుంది. డిసెంబరు 31 నాటి యజమానికే మొత్తం రాస్తే, కెవిట్సా 2016 ఉత్పత్తి అంతా స్వీడన్ వాటాగా మారుతుంది, అది నాకు న్యాయంగా తోచడం లేదు.

ఖనిజ గణాంకాలతో పనిచేసినవారు చెప్పగలరా: ఇలాంటి పట్టికలో అమ్మకం జరిగిన ఏడాది ఉత్పత్తిని ఏడాది చివరి యజమానికి రాయడమా, బదిలీ తేదీని బట్టి విడదీయడమా, ఏది ఆమోదించిన పద్ధతి?