పిల్లలకి గొంతు నొప్పి వస్తే ఫార్మసీ క్లినిక్‌కి తీసుకెళ్లొచ్చా?

హరిత_ఫ్రిస్కో:
అమెరికాలో ఉన్న మనవాళ్లందరికీ నమస్కారం. మా పాపకి ఏడేళ్లు. శుక్రవారం సాయంత్రం జ్వరం, గొంతు నొప్పి, మంచినీళ్లు కూడా మింగలేకపోయింది. పీడియాట్రీషియన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే మంగళవారం దాకా ఖాళీ లేదన్నారు. ఇంటి దగ్గర మందుల షాపులో ఉన్న, అపాయింట్‌మెంట్ అక్కర్లేని వాకిన్ క్లినిక్‌కి తీసుకెళ్లాను. నర్స్ ప్రాక్టీషనర్ (మందులు రాసే అర్హత ఉన్న నర్సు) చూసి స్ట్రెప్ టెస్ట్, అంటే గొంతులో బ్యాక్టీరియా ఉందేమోనని పరీక్ష, చేశారు. పాజిటివ్ వచ్చింది. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, పక్క కౌంటర్లోనే తీసుకుని ఇంటికొచ్చాం. ఆదివారానికి పాప మామూలుగా తింటోంది. ఇంట్లో మాత్రం ఇంకా చల్లారలేదు. "డాక్టరే లేని చోట పిల్లకి మందు రాయించడమేంటి" అని మా ఆయన, ఇండియా నుంచి ఫోన్లో మా మామగారు. మీరేమంటారు?

వంశీ_ఓపీటీ:
నాకు పీసీపీయే (ఎప్పుడూ చూసే సొంత డాక్టర్) లేరు అక్కా. మూడేళ్లుగా అవే క్లినిక్కులు. ఏ ఇబ్బందీ రాలేదు.

డాక్టర్_రఘు_ఒహాయో:
నేను ఫ్యామిలీ మెడిసిన్ డాక్టర్‌ని. హరిత గారూ, ఆ రాత్రి మీరు చేసింది తప్పని అనను. అలవాటు చేసుకోవద్దనే చెబుతున్నాను. పిల్లల ప్రైమరీ కేర్‌కి రిటైల్ క్లినిక్కులు, అంటే ఇలా షాపుల్లో నడిచేవి, తగవని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2006లో చెప్పింది, 2014లో మళ్లీ చెప్పింది. గొంతు నొప్పని వచ్చిన పిల్లకి మేం గొంతొక్కటే చూసి పంపం. బరువు పెరిగిందా, టీకాలు అయ్యాయా, బడిలో ఎలా ఉంది, అన్నీ అడుగుతాం. ఒకసారి ఒక క్లినిక్, ఇంకోసారి అర్జెంట్ కేర్ (వెంటనే చూసే సెంటర్), మరోసారి వీడియో కాల్ అయితే, ఇలా రావడం ఇది మూడోసారి అన్న సంగతి ఎవరి కంటా పడదు.

కిరణ్_ఇర్వింగ్:
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడరేం? 2009లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు మిన్నెసోటా ఇన్సూరెన్స్ లెక్కలు తీశారు. చెవి పోటు, గొంతు నొప్పి, యూరిన్ ఇన్‌ఫెక్షన్, ఈ మూడింటికీ సగటు ఖర్చు రిటైల్ క్లినిక్‌లో 110 డాలర్లు, డాక్టర్ ఆఫీసులో 166, అర్జెంట్ కేర్‌లో 156, ఈఆర్‌లో, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీలో, 570. వైద్యం నాణ్యత డాక్టర్ ఆఫీసుకి ఏమీ తీసిపోలేదు. మాది హై డిడక్టిబుల్ ప్లాన్, పెద్ద మొత్తం దాకా మన జేబులోంచే కట్టాలి. పోయిన ఏడాది మా బాబుని ఒక ఆసుపత్రికి చెందిన డాక్టర్ ఆఫీసుకి తీసుకెళ్తే, కన్సల్టేషన్ కాక "ఫెసిలిటీ ఫీజు" అని విడిగా ఇంకో బిల్లు వచ్చింది. ఆ గదిలో కూర్చున్నందుకట. ఫార్మసీ క్లినిక్‌లో ధరల పట్టిక ముందే కనబడుతుంది. నాకది చాలు.

డాక్టర్_రఘు_ఒహాయో:
కిరణ్ గారూ, ఆ స్టడీ ఒక్క విజిట్‌కి ఎంతయిందో చెబుతుంది. 2016లో హెల్త్ అఫైర్స్ పత్రికలో వచ్చింది కూడా చదవండి. చిన్న జబ్బులకి రిటైల్ క్లినిక్‌కి వెళ్లిన విజిట్లలో 58 శాతం కొత్తగా పుట్టుకొచ్చినవే. అంటే ఆ క్లినిక్ లేకపోతే వాళ్లు ఎక్కడికీ వెళ్లేవాళ్లు కారు, జలుబు దానంతటదే తగ్గేది. మనిషికి ఏడాదికి 14 డాలర్ల ఖర్చు పెరిగింది.

కిరణ్_ఇర్వింగ్:
14 డాలర్లు! నాకు వచ్చిన ఫెసిలిటీ ఫీజు ఎంతో చెబితే ఆ మాట అనరు. అసలు ఆ ఫీజు న్యాయమేనా? దానికి జవాబు చెప్పండి.

పద్మజ_ఎడిసన్:
మా నాన్నగారు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు బీపీ మాత్రలు అయిపోయాయి. ఏ డాక్టర్ ఆఫీసూ కొత్త పేషెంట్‌ని వెంటనే తీసుకోలేదు. పాత జబ్బని విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లూ పైసా ఇవ్వమన్నారు. క్లినిక్‌లో బీపీ చూసి, ఇండియా చీటీ చూసి, నెలకి సరిపడా రాశారు. ఆ రోజు నాకు అంతకంటే ఏం కావాలి?

వెంకట్_నేపర్‌విల్:
మందులమ్మేవాడే మందు రాస్తే ఎలా ఉంటుందో చిన్నప్పుడు ఊళ్లో చూశాం. మా ఆర్‌ఎంపీ డాక్టరు కూడా దగ్గుకో ఇంజెక్షన్, జ్వరానికో ఇంజెక్షన్. ఇక్కడ ఏసీ గదిలో అదే పని. షాపు వాళ్లదే, క్లినిక్ వాళ్లదే. యాంటీబయాటిక్ రాయకుండా పంపిస్తారా?

సునీత_ఎన్‌పీ:
వెంకట్ గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను నర్స్ ప్రాక్టీషనర్‌ని, టెక్సస్‌లో అలాంటి క్లినిక్‌లోనే పనిచేస్తున్నాను. ఆర్‌ఎంపీకి గుర్తింపు ఉన్న వైద్య చదువు ఉండదు. నేను బీఎస్సీ నర్సింగ్ చేసి, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి, తర్వాత మాస్టర్స్ చేసి, జాతీయ బోర్డు పరీక్ష పాసయ్యాను. టెక్సస్ చట్టం ప్రకారం, మందు రాయడానికి ఒక డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం కూడా ఉండాలి.

ఇక యాంటీబయాటిక్కుల సంగతి. జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో 2018లో లెక్కలొచ్చాయి. జలుబు, ఫ్లూ, బ్రాంకైటిస్ లాంటి, యాంటీబయాటిక్ అవసరమే లేని జబ్బులకి అది రాసింది అర్జెంట్ కేర్‌లో 45.7 శాతం, ఈఆర్‌లో 24.6, డాక్టర్ ఆఫీసుల్లో 17. రిటైల్ క్లినిక్కుల్లో 14.4. అందరికంటే తక్కువ రాసింది మేమే. టెస్ట్ నెగెటివ్ వస్తే మందు రాయను అంటాను, మనవాళ్లే నా మీద అరుస్తారు, "డబ్బు కట్టాం కదా" అని.

వెంకట్_నేపర్‌విల్:
మిమ్మల్ని అనలేదండీ. ఆ వ్యాపారాన్ని అన్నాను.

సునీత_ఎన్‌పీ:
ఆ గదిలో కూర్చునేది నేనే కదండీ. ఇంకెవర్ని అన్నట్టు?

డాక్టర్_రఘు_ఒహాయో:
సునీత గారి చదువు మీద నాకు అనుమానమేమీ లేదు. నా ఆఫీసులోనూ నర్స్ ప్రాక్టీషనర్లున్నారు. నాకు నమ్మకం లేనిది ఆ కంపెనీల మీద. ఇలాంటి క్లినిక్కులు నడిపే మినిట్ క్లినిక్ 2000లో మిన్నెసోటా కిరాణా దుకాణాల్లో వేరే పేరుతో మొదలైంది, 2006లో సీవీఎస్ అనే మందుల షాపుల కంపెనీ కొనుక్కుంది. వాల్‌మార్ట్ 2019లో జార్జియాలో హెల్త్ సెంటర్ తెరిచి, పేదవాడికి అందుబాటులో వైద్యం అంది. 2024లో 51 సెంటర్లూ మూసేస్తున్నామని ప్రకటించింది. లాభం రాలేదట. అక్కడికి షుగర్‌కి వెళ్లే మనిషి మర్నాటి నుంచి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

కిరణ్_ఇర్వింగ్:
డాక్టర్ ఆఫీసులు మూతపడవా? మా డాక్టర్ ప్రాక్టీసుని ఒక పెద్ద ఆసుపత్రి కొన్నది. అప్పటినుంచే ఆ ఫెసిలిటీ ఫీజు.

సునీత_ఎన్‌పీ:
రఘు గారూ, ఒక్క మాట సూటిగా అడుగుతాను. మా దగ్గరికి వచ్చేవి తేలిక కేసులు. పది నిమిషాల్లో అయిపోయేవి. అవి మీకు రాకుండా పోతున్నాయనేగా బాధ?

డాక్టర్_రఘు_ఒహాయో:
అవును, అదే. దాచడానికేముంది? షుగర్, గుండె, మూత్రపిండాలు అన్నీ కలిసిన ఒక పెద్దాయన్ని ముప్పావు గంట చూస్తే ఇన్సూరెన్స్ ఇచ్చేది ఆ సమయానికి చాలదు. మధ్యలో వచ్చే నాలుగు గొంతు నొప్పులే నా ఆఫీసు అద్దె, స్టాఫ్ జీతాలు కట్టేది. తేలికవన్నీ షాపులు ఏరుకుపోయి బరువైనవే మాకు మిగిలితే, ఇంకో పదేళ్లలో ఆ పెద్దాయన్ని చూసే డాక్టరే దొరకడు. ప్రైమరీ కేర్‌లోకి కొత్త డాక్టర్లు పెద్దగా రావడం లేదు. మంగళవారం దాకా ఖాళీ లేదంటే కారణం అదే.

హరిత_ఫ్రిస్కో:
డాక్టర్ గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ ఆ అద్దె మా పాప గొంతు మీద కట్టాలంటే నేను ఒప్పుకోను. ఇంత చర్చలో నన్ను ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. మంగళవారం అపాయింట్‌మెంట్‌కి సెలవు పెట్టేది ఎవరు? మా ఆయన కాదు, మామగారు కాదు. నేను. నాది కాంట్రాక్ట్ ఉద్యోగం. గంట పని చేయకపోతే ఆ గంట జీతం రాదు. మా టీంలో లేఆఫ్‌లు నడుస్తున్నాయి, హెచ్1బీ మీదున్న నాకు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలుసు. పిల్లకి జ్వరమొచ్చిన ప్రతిసారీ "మంచి డాక్టర్‌కే చూపించు" అనేవాళ్లు వేరు, కారు తీసి పిల్లని తీసుకెళ్లేది వేరు. క్లినిక్ రాత్రి తెరిచుంది. నేను వెళ్లడానికి అదొక్కటే కారణం.

పద్మజ_ఎడిసన్:
హరితా, నా మనసులో మాట చెప్పావమ్మా.

వంశీ_ఓపీటీ:
+1

వెంకట్_నేపర్‌విల్:
సెలవు సంగతి మీ ఇంట్లో మాట్లాడుకోవాల్సింది కదండీ. క్లినిక్ మంచిదా కాదా అన్నది వేరే విషయం.

హరిత_ఫ్రిస్కో:
వేరే విషయం కాదు వెంకట్ గారూ. ఆ సెలవు లేకే ఆ క్లినిక్ నడుస్తోంది.

డాక్టర్_రఘు_ఒహాయో:
హరిత గారూ, మీ మాటకి నా దగ్గర జవాబు లేదు. సాయంత్రాలు, శనివారాలు తెరవని మా ఆఫీసులు మారాలి. ఒక్కటి మాత్రం చేయండి. పాపకి మందు పది రోజులూ పూర్తిగా వాడండి, తగ్గింది కదా అని ఆపొద్దు. స్ట్రెప్‌ని సగంలో వదిలేస్తే రుమాటిక్ జ్వరం వచ్చే ప్రమాదముంది. క్లినిక్ రిపోర్ట్ మీ పీడియాట్రీషియన్‌కి చేరిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

సునీత_ఎన్‌పీ:
అడిగితే మేమే పంపిస్తాం. హరిత గారూ, మీ పీడియాట్రీషియన్ పేరు అక్కడ ఇచ్చారా?

హరిత_ఫ్రిస్కో:
ఇవ్వలేదండీ, వాళ్లు అడగలేదు. రేపు లంచ్ టైంలో ఫోన్ చేస్తాను.

డాక్టర్_రఘు_ఒహాయో:
అడగలేదు చూశారా. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

సునీత_ఎన్‌పీ:
నేను ప్రతి పేషెంట్‌నీ అడుగుతాను రఘు గారూ. ఒక్క క్లినిక్ అడగలేదని అందరినీ అనకండి.

కిరణ్_ఇర్వింగ్:
ఫెసిలిటీ ఫీజు మీద అప్పీలు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నేను ఇంకా కట్టలేదు.